అది సరుకు ఓడ కాదండీ

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీరు లోపలి పేజీలో వేసిన ఓడల ఫొటో గురించి ఈ ఉత్తరం. ఇన్ని రోజుల తర్వాత ఎందుకంటారేమో, ఆ రోజే ఒకటి రాశాను. మా ఆవిడ చదివి "ఇది పంపితే మనింటికి పేపరు ఆపేస్తారు" అంది, చించేశాను. ఇది కాస్త చల్లబడ్డాక రాసింది.

ఫొటో బాగుంది, కాదనను. గొడవంతా దాని కింద రాసినదానితోనే. "నడిసంద్రంలో యుద్ధనౌకకు పెట్రోలు పోస్తున్న సరుకు ఓడ" అట. ఆరు మాటల్లో రెండు తప్పులు! యుద్ధనౌకలకు పోసేది డీజిల్ అండీ, గ్యాస్ టర్బైన్లతో నడిచేవాటికీ అదే. హెలికాప్టర్లకు పోసే విమాన ఇంధనం వేరు. పెట్రోలు మీ విలేకరి గారి బండికి పోస్తారు. ఇక అది సరుకు ఓడ కాదు, నౌకాదళం వాళ్ళదే, మిగతా నౌకలకు చమురు మోసుకెళ్ళే అలాంటి ఓడను ఫ్లీట్ ట్యాంకర్ అంటారు. దాని మీద ఉండేది యూనిఫాం వేసుకున్న నేవీ మనుషులు. అందులో నాలుగేళ్ళు నేనూ ఒకణ్ణి, అందుకే ఈ మంట.

"పోస్తున్న" అని ఎంత తేలిగ్గా రాసేశారండీ! బంకు దగ్గర బండి ఆపి, మూత తీసి, సున్నా చూసుకుని పోయించుకున్నట్టు. అక్కడ ఏ ఓడా ఆగదు. ఆగితే అలలకు ఊగిపోతుంది, పైగా యుద్ధం రోజుల్లో కదలకుండా నిలబడ్డ ఓడంటే శత్రువుకు పిలిచి పీట వేసినట్టే. అందుకని ట్యాంకరు తన దారి, తన వేగం ఇసుమంతైనా మార్చకుండా 12 నాట్లో 13 నాట్లో పట్టుకుని పోతూ ఉంటుంది. పన్నెండు నాట్లంటే గంటకు 22 కిలోమీటర్లు, సాయంత్రం పూట విజయవాడ ఏలూరు రోడ్డులో ఆ స్పీడు దొరికితే మన అదృష్టం. చమురు కావాల్సిన ఓడ వెనకనుంచి వచ్చి పక్కకు చేరి, నలభై యాభై మీటర్ల దూరంలో అదే వేగానికి సర్దుకుంటుంది. అప్పుడు ఒక ఓడ మీదనుంచి తుపాకీతో సన్నటి తాడును అవతలి ఓడ మీదికి పేల్చి పంపుతారు. ఆ తాడు అందుకుని లాగితే దాని వెనక లావు తాడు, దాని వెనక ఉక్కు తీగ, ఆ తీగకు వేలాడుతూ గొట్టం, అలా వస్తాయి. రెండు ఓడల మధ్య ఇరుకున నీళ్ళు జోరుగా పారుతుంటే ఓడలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, చుక్కాని పట్టుకున్నవాడు కన్ను ఆర్పడానికి లేదు. ఎంత దూరంలో ఉన్నామో తెలియడానికి రంగురంగుల జెండాలు కట్టిన తాడొకటి మధ్యలో ఉంటుంది. ఏమాత్రం తేడా అనిపించినా క్షణాల్లో అన్నీ వదిలేసి విడిపోవాలి. ఇదంతా గంటల తరబడి, ఒక్కోసారి రాత్రిపూట, దీపాలు ఆర్పేసుకుని. ఈ పనిని మేము "రాస్" అనేవాళ్ళం. రాస్ ఉందంటే ముందు రోజు నుంచే అందరికీ టెన్షన్.

ఆ తాళ్ళ మీదే ఉత్తరాల సంచీ, మందులు, కూరగాయలు కూడా అటూ ఇటూ వెళ్ళేవి. అవతలి ఓడలో నరసరావుపేట కుర్రాడొకడు ఉండేవాడు. ఉత్తరాల సంచిలో వాడికి గోంగూర పచ్చడి సీసా కట్టి పంపాను ఒకసారి, పగలకుండానే చేరింది. మా వీధికి వేసవిలో వచ్చే నీళ్ళ ట్యాంకరు మాత్రం సందు మలుపు నుంచి మా గుమ్మం దాకా సగం నీళ్ళు రోడ్డుకే తాగిస్తుంది. గొట్టానికి గుడ్డపీలిక చుట్టి మూడేళ్ళయింది, పీలిక మార్చమని అడిగితే "పైవాళ్ళకి చెప్పండి" అంటారు. అక్కడ మన శక్తి, దీపక్ అనే ట్యాంకర్లు గంటకు 1,500 టన్నుల చమురు పంపు చేయగలవు, అదీ పరుగెత్తే ఓడ నుంచి పరుగెత్తే ఓడకి.

ఏటా డిసెంబరు 4 రాగానే నేవీ డే అని మీరే అరపేజీ వేస్తారు. 1971లో కరాచీ మీద దాడి, నిపట్, నిర్ఘాత్, వీర్ క్షిపణి పడవల పేర్లు, అక్కడి కియామరి రేవులో చమురు ట్యాంకుల మంటలు, అన్నీ రాస్తారు. ఆ చిన్న పడవల్లో పట్టే చమురు ఎంతని! వాటి కోసం వెంట బయల్దేరిన ట్యాంకరు పేరు పోషక్. ఎప్పుడైనా ఆ పేరు వేశారా? మీ పత్రిక పోషకుల ఫొటోలు మాత్రం పండగ పండక్కీ రంగుల్లో వేస్తారు.

మీ ఒక్కరినే అనడం న్యాయం కాదులెండి. నేవీ నుంచి వచ్చిన కొత్తలో ఏదో కాగితం కోసం ఒక ఆఫీసుకు వెళ్తే గుమాస్తా గారు ఏం చేసేవారని అడిగారు. ట్యాంకరు మీద అన్నాను. ఆయన తల ఎత్తకుండా "డ్రైవరు" అని రాసేశారు. అది దిద్దించుకోవడానికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఇంకొకాయన "పోనీ క్లీనరు అని వేయమంటారా?" అన్నాడు, నిజంగానే అడిగాడు, వెటకారం కాదు.

అసలు వార్త మీ కళ్ళముందే ఉంది. ఇన్నేళ్ళూ మన ట్యాంకర్లు ఎక్కువగా బయట కట్టించుకున్నవే. పాత దీపక్, శక్తి జర్మనీవి, 1996లో వచ్చిన జ్యోతి రష్యాది, ఇప్పటి దీపక్, శక్తి 2011లో ఇటలీ నుంచి వచ్చాయి. 2000లో చేరిన ఆదిత్య ఒక్కటీ కలకత్తాలో కట్టింది. ఇప్పుడు 44 వేల టన్నుల ఓడలు ఏకంగా అయిదింటిని కట్టే పని మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకు ఇచ్చారు. ఒప్పందం 2023 ఆగస్టులో అయింది, విలువ దాదాపు 19 వేల కోట్లు, మొదటి ఓడకు ఉక్కు కోత 2024 ఏప్రిల్లో మొదలైంది. మన రాష్ట్రంలో, మన పిల్లలకు పనిచ్చే కథ! అదే వారంలో ఏ నాయకుడి పుట్టినరోజుకు ఎంత చోటు ఇచ్చారో మీ పాత సంచికలు తిరగేసి చూసుకోండి, నేను చెప్పడం దేనికి. వెనకటికి పేపర్లో అచ్చు తప్పు పడితే మా మాస్టారు ఎర్ర సిరాతో దిద్ది మరీ పోస్టు చేసేవారు, మర్నాడే సవరణ వచ్చేది. ఇప్పుడు సవరణ అనే శీర్షికే మాయమైంది.

ఆ ఫొటో మళ్ళీ వేయండి, కింద "ఫ్లీట్ ట్యాంకర్", "డీజిల్" అని సరిగ్గా రాయండి, చాలు. రాసినవారికి ఇంకేమైనా కావాలంటే బ్రాడీపేట రమ్మనండి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి తాళ్ళు ఎలా కడతారో కూడా చూపిస్తాను. రెండింటి నుంచి నాలుగింటి దాకా మాత్రం వద్దు, పడుకుంటాను.

ఇట్లు,
ఒక మాజీ నావికుడు (డ్రైవరు కాదు),
బ్రాడీపేట, గుంటూరు.