మేనేజర్ వయసు కాదు, ఎందుకు తెచ్చారో అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 సెప్టెంబర్ చివర్లో టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు నుంచి మేనేజర్ బ్రూస్ బోచీ వెళ్ళిపోయి, అక్టోబర్‌లో ఆయన స్థానంలో 45 ఏళ్ళ స్కిప్ షూమేకర్ మేనేజర్‌గా వచ్చినప్పటి నుంచి ఇక్కడ అభిమానుల మధ్య ఒకటే వాదన. ముసలాయన్ని తెచ్చి మూడేళ్ళు పోగొట్టుకున్నారు, ఇప్పటికైనా కళ్ళు తెరిచారు అని కొందరు. అసలు మనకు కప్పు తెచ్చిందే ఆయన కదా అని ఇంకొందరు. నేను రెండో పక్షం వాడిని. కానీ నా బాధ అది కాదు. రెండు పక్షాలూ వయసు చుట్టూనే తిరుగుతున్నాయి, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఇది ఆటల కబురే కదా, పత్రికకు ఉత్తరం రాసేంత విషయమా అని మీ పాఠకులు అనుకోవచ్చు. మేం ఆర్లింగ్టన్‌లో ఉంటాం. రేంజర్స్ ఆడే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు సుమారు 120 కోట్ల డాలర్లు ఖర్చయితే, అందులో 50 కోట్ల వరకు మా ఊరి వాటా. 2016 నవంబర్‌లో ఓటేసి ఒప్పుకున్నాం. ఇక్కడ హోటల్లో బిర్యానీ తిన్నా, షాపులో టీవీ కొన్నా డాలరుకు అర సెంటు చొప్పున పన్నుగా ఆ లెక్కలోకే పోతుంది. కాబట్టి జట్టును ఎవరి చేతిలో పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో అడిగే హక్కు మాకుంది. ఇక్కడి యూనివర్సిటీలో చదువుకునే మన తెలుగు పిల్లలకూ, ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో దాకా స్థిరపడిన మన కుటుంబాలకూ ఇది సొంత ఊరి జట్టే.

బేస్‌బాల్ మేనేజర్ అంటే క్రికెట్ కోచ్ లాంటివాడు అనుకుంటే పొరపాటు. మైదానంలో మన కెప్టెన్ చేసే పనిలో చాలా భాగం ఇక్కడ మేనేజరే బయట కూర్చుని చేస్తాడు. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్‌కు దిగాలి, అలిసిపోయిన పిచర్‌ను (మన బౌలర్ లాంటివాడిని) ఎప్పుడు తప్పించాలి, వాడి బదులు ఎవరిని పంపాలి, అన్నీ ఆయన నిర్ణయాలే. ఒక్క పిచర్ మార్పు అటూ ఇటూ అయితే సీజనంతా పోవచ్చు.

2022 అక్టోబర్ 21న బోచీని తీసుకున్నప్పుడు కూడా ఇదే గొడవ. 67 ఏళ్ళ మనిషి, 2019లోనే శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు వీడ్కోలు చెప్పి ఇంట్లో ఉన్నారు, కంప్యూటర్ లెక్కల మీద నడిచే ఇప్పటి ఆట ఆయనకేం తెలుస్తుంది అన్నారు. అప్పటికి రేంజర్స్ వరుసగా ఆరు సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ చూసింది. కోరీ సీగర్, మార్కస్ సెమియన్ ఇద్దరి మీదే 50 కోట్ల డాలర్ల ఒప్పందాలు చేసుకుని కూడా ఆ ఏడాది 94 మ్యాచ్‌లు ఓడింది. ఆటగాళ్ళున్నారు, నడిపించేవాళ్ళు లేరు. జట్టును ఎంపిక చేసే అప్పటి జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్ ఒకప్పుడు శాన్‌డియెగో జట్టులో బోచీ కింద పిచర్‌గా ఆడినవాడు. ఆయన పద్ధతి దగ్గరి నుంచి చూసినవాడు కాబట్టి, జట్టుకు ఏం తక్కువైందో ఆలోచించుకున్నాకే బోచీని ఒప్పించి తెచ్చాడు.

ఫలితం 2023లో చూశాం. 90 మ్యాచ్‌లు గెలిచి, చివరి రోజున డివిజన్ (తమ గ్రూపు) మొదటి స్థానం చేజారి, అలాంటి జట్లకిచ్చే వైల్డ్ కార్డ్ అవకాశంతో ప్లేఆఫ్స్‌లోకి (సీజన్ చివరి కప్పు పోటీల్లోకి) వచ్చిన జట్టు, ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ గెలిచింది. రేంజర్స్ చరిత్రలో మొదటిసారి. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది మా పిచర్ హోసే లెక్లర్క్ సంగతి. వరల్డ్ సిరీస్‌కు ముందు హ్యూస్టన్‌తో ఆడిన సిరీస్ అయిదో మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో హోసే అల్టూవే అతని బంతిని మూడు పరుగుల హోమ్‌రన్‌గా (మన సిక్సర్ లాంటిది) కొట్టి మ్యాచ్ లాగేసుకున్నాడు. టెన్షన్‌తో మాకెవరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇక లెక్లర్క్‌కు బంతి ఇవ్వకూడదు అన్నవాళ్ళే అంతా. బోచీ అతన్ని పక్కన పెట్టలేదు. వారం తిరిగేసరికి వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ 11 ఇన్నింగ్స్‌కు సాగితే, చివర్లో బంతి మళ్ళీ లెక్లర్క్ చేతికే ఇచ్చారు. గెలిచాం. మూడో మ్యాచ్‌లో మా పిచర్ మాక్స్ షెర్జర్ నడుం పట్టేసి మూడు ఇన్నింగ్స్‌కే తప్పుకుంటే జాన్ గ్రే వచ్చి నిలబెట్టాడు. అదే రాత్రి అడోలిస్ గార్సియా కూడా గాయపడ్డాడు. అయినా ఆ మ్యాచ్ గెలిచారు, ఆ తర్వాతి రెండూ గెలిచారు. ఆ ప్లేఆఫ్స్‌లో బయటి ఊళ్ళలో ఆడిన 11 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. ఇంత ఒత్తిడిలో బెదరకపోవడం అనేది అంతకుముందే మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన మనిషికి ఉంటుంది.

నిజమే, 2024లో 78 గెలుపులే, 2025లో 162 మ్యాచ్‌ల్లో సరిగ్గా సగం, 81. కానీ 2025లో పిచింగ్ అద్భుతంగా ఉంది, ముంచింది బ్యాటింగ్. దాన్ని తీసుకొచ్చి ఆయన వయసుకు అంటగట్టడం అన్యాయం.

అలాగని పెద్దాయన్ని తెస్తే చాలు అనడం లేదు. టోనీ లా రూసాను చూడండి. 2010 వరల్డ్ సిరీస్‌లో మమ్మల్ని ఓడించింది బోచీ జెయింట్స్ అయితే, 2011లో ఇక ఒక్క స్ట్రైక్ (బ్యాటర్ కొట్టలేకపోయిన బంతి) పడితే కప్పు మాదే అన్న చోట, అదీ రెండుసార్లు, మా నోటి దగ్గరి కూడు లాక్కున్నది లా రూసా కార్డినల్స్. అంతటి మేనేజర్ ఆయన. ఆ సిరీస్‌తోనే రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2020లో, షికాగో వైట్ సాక్స్ ఆయన్ని 76వ ఏట మళ్ళీ తెచ్చింది. అది యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ పట్టుదల. 1986లో అదే జట్టు మేనేజర్‌గా ఉన్న లా రూసాను పంపించేసినందుకు పడ్డ పశ్చాత్తాపం దాని వెనక ఉంది. మొదటి ఏడాది 93 గెలిచారు, నిజమే. కానీ 2021 మేలో తన జట్టు కుర్రాడు యెర్మిన్ మెర్సిడెస్ హోమ్‌రన్ కొడితే, ముందే గెలిచిపోయిన మ్యాచ్‌లో అలా కొట్టకూడదంటూ అందరి ముందూ తప్పుపట్టారు. ఆటగాళ్ళ మనసు అక్కడే విరిగిందని నా నమ్మకం. మరుసటి ఏడాది స్టేడియంలోనే ఆయన్ని తీసేయమని జనం కేకలు వేశారు. చివరికి ఆరోగ్యం సహకరించక తప్పుకున్నారు.

ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరూ ఘనులే. ఒకరిని జట్టు అవసరం చూసి తెచ్చారు, ఇంకొకరిని యజమాని పాత బాకీ తీర్చుకోవడానికి తెచ్చారు. అభిమానులు పట్టుకోవాల్సింది ఈ తేడాను. ఇప్పుడు లీగ్ అంతా గాలి యువకుల వైపు తిరిగింది. వాషింగ్టన్ జట్టు 33 ఏళ్ళ బ్లేక్ బుటెరాను మేనేజర్‌గా తెచ్చుకుంది. జెయింట్స్ అయితే కాలేజీ జట్టు కోచ్ టోనీ విటెల్లోను నేరుగా తెచ్చేసింది. వాళ్ళనూ వయసు చూసి మెచ్చుకోవద్దు, వయసు చూసి తిట్టొద్దు.

షూమేకర్ సంగతికొస్తే, 2023లో మయామీ జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్ళి ఆ ఏడాది నేషనల్ లీగ్ (లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) మేనేజర్ ఆఫ్ ది ఇయర్ అయినవాడు, సమర్థుడే. అయితే రేంజర్స్ బ్యాటింగ్‌ను బాగుచేయడానికి అతని దగ్గర ఏ ఉపాయం చూసి తీసుకున్నారో క్రిస్ యంగ్ మాకు విడమరిచి చెప్పాలి. పన్ను కట్టే ఊరివాళ్ళుగా మేం అడుగుతున్నది అదే. మీ ఎన్నారై పేజీలోనైనా ఈ చర్చకు కాస్త చోటివ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఆర్లింగ్టన్, టెక్సస్