శిఖిముఖి తెర మీదికి రావాలి

విశాఖపట్నం

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? ఫోన్‌లో సగంలో ఆగిన మాట ఇక్కడ పూర్తిచేస్తాను, ఓపిగ్గా చదువు.

జగదేకవీరుడు అతిలోకసుందరి 35 ఏళ్ల తర్వాత, 2025 మేలో త్రీడీలో మళ్ళీ వచ్చింది కదా. పాత సినిమాకి మెరుగుపెట్టి వదలడం బాగానే ఉంది. కానీ నా మనసంతా చందమామ పత్రికలో నెలనెలా వచ్చిన సీరియల్ కథల మీదే ఉందిరా. తోకచుక్క, రాకాసిలోయ, జ్వాలాద్వీపం, భల్లూక మాంత్రికుడు... వాటిని కొత్తగా, పెద్దతెర కోసం తీయాలి.

1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి రాశారు. పత్రికలో ఆయన పేరే వేసేవారు కాదు! సినిమా వస్తే మొదటి టైటిల్ కార్డు ఆయనదే కావాలి, ఆ వెంటనే బొమ్మలేసిన చిత్రా గారిది.

చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1951లో పాతాళభైరవి కూడా తీశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో మార్కస్ బార్ట్‌లే కెమెరా ఆ మాయలన్నీ నమ్మించింది. ఇప్పుడు ఏదైనా చూపించవచ్చు. నా టెన్షన్ అదే. చూపించగలం కదా అని అన్నీ కుమ్మరించేస్తారేమో! దర్శకుడు ముందుగా చిత్రా బొమ్మలు ఎదురుగా పెట్టుకుని కూర్చోవాలి. ఆ అడవులు, కోటలు, మాంత్రికుల చూపులు అలాగే రావాలి.

అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. శిథిలాలయం సీరియల్‌లో శిఖిముఖి, విక్రమకేసరి ఇద్దరూ హీరోలే. మనం చదివింది ఆ స్నేహం కోసమే కదరా? ఒక స్టార్‌ని పెట్టి, ఎంట్రీ సీనూ పంచ్ డైలాగులూ ఇచ్చి, రెండోవాణ్ణి పక్కవాద్యం చేశారంటే కథ చచ్చిపోయినట్టే. ఇద్దరూ కొత్త కుర్రాళ్లయినా ఫర్వాలేదు. పైగా ప్రతి భాగం ఏదో గండం దగ్గర ఆగేది, నెలంతా మనకి నిద్రపట్టేది కాదు. ఆ ఉత్కంఠని మూడు గంటల్లో కుక్కితే ఏం మిగులుతుంది? రెండు భాగాలుగా తీయాలి.

ఆర్ట్ డైరెక్టర్ ఎవరైనా సరే, ఒకసారి మన తొట్లకొండ ఎక్కాలి. సముద్రం వైపు చూస్తున్న ఆ బౌద్ధ శిథిలాలు రక్షిత కట్టడాలు, అక్కడ సెట్లు వేసి పాడుచేయమనను. చూసి వెళ్లి ఇంకెక్కడైనా కట్టుకోమంటాను. అటు నుంచి బొర్రా గుహలకీ వెళ్లాలి. సున్నపురాయి అలా వేలాడుతుంటే మాంత్రికుడి గుహకి వేరే ఊహ ఎందుకు?

సినిమా వచ్చిన రోజు మాత్రం నువ్వు వైజాగ్‌లో ఉండాలి, జగదాంబ సెంటర్‌లో కలుద్దాం. ముందు ఏ సీరియల్ తీయాలంటావో వెంటనే రాయి. నా ఓటు శిథిలాలయానికే. నువ్వు రాకాసిలోయ అంటావని తెలుసు, కారణం కూడా రాయి మరి.

నీ బావ