ఊపిరే గడియారం

సంపాదకుల వారికి నమస్కారం.

మా మనవడు ఐపీఎల్ తప్ప వేరే ఆట చూడడు. నేను టీవీలో కబడ్డీ పెడితే 'ఇందులో ఏముంది తాతయ్యా' అంటాడు. వాడికి చెప్పలేక మీకు రాస్తున్నాను.

మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు. బడి వదలగానే ఇసుకలో కాలితో గీత గీసి చెడుగుడు మొదలెట్టేవాళ్లం. బ్యాటు కొనే పని లేదు, బంతి పోతుందన్న బెంగ లేదు. కూతకు వెళ్లినవాడికి ఇప్పుడు 30 సెకన్ల గడువు. మాకు ఊపిరే గడియారం. దొంగచాటుగా ఊపిరి తీశాడా లేదా అన్న తగాదా ఆటకంటే ఎక్కువసేపు నడిచేది. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. (అమ్మకు మాత్రం అరుగు మీంచి పడ్డానని చెప్పాను.)

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో మనవాళ్లు కబడ్డీ స్వర్ణం గెలిచారు. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక మ్యాట్లు, లైట్లు, హంగామా. బాగానే ఉంది. కానీ ఆటగాణ్ని పట్టు పట్టి పడేసినప్పుడు నాకు కనిపించేది మా వీధి కుర్రాళ్లే. మనవడికి క్రికెట్ కూడా అంతే కావచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగాడు, వాణ్ని తప్పు పట్టను.

నా బాధ వేరే. మేం ఆడిన చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. ఊరికి ఒక్క ఖాళీ స్థలమైనా పిల్లలకు వదలాలి. సంక్రాంతికి మూడు రోజులు పోటీలు పెట్టి, మిగతా ఏడాదంతా 'ఫోన్ వదలరా' అని తిడితే వాళ్లు ఎక్కడికి పోతారు?

- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా