చూరు గీత, గోడ గీత ఇకపై విడివిడిగా

అమలాపురంలో డ్రోన్ సర్వే చేసే మా చిన్న ఆఫీసు కస్టమర్లందరికీ నమస్కారం. ఈ మధ్య ఫోన్ చేసినవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఒకటే: "మీ మ్యాప్‌లో మా ఇల్లు టేపు కొలత కంటే పెద్దదిగా ఉందేంటండీ?" దానికి జవాబు, దాంతోపాటు మా పనిలోనూ రేట్లలోనూ చేస్తున్న మార్పులు ఇవి.

పైనుంచి వెళ్లే డ్రోన్‌కి కనిపించేది కప్పు. ఫొటోలతో కట్టిన త్రీడీ మోడల్‌లో కప్పు ఎక్కడ ఆగితే ఇంటి గీత అక్కడే ఆగుతుంది. టౌనులో డాబాలకి దీంతో పెద్ద పేచీ లేదు. పెంకుటిళ్లకి అలా కాదు. గోడల కొలత 30 అడుగులు, 40 అడుగులు అనుకోండి, 1200 చదరపు అడుగులు. నాలుగు వైపులా చూరు రెండున్నర అడుగులు బయటికొస్తే కప్పు 35, 45 అవుతుంది. అంటే 1575. తేడా 375 చదరపు అడుగులు, సెంటుకి కాస్త తక్కువ. అన్నదమ్ముల పంపకాల్లో మాటామాటా పెరగడానికి ఆ మాత్రం చాలు. మండువా లోగిలిలో చూరు లోపలివైపుకీ వాలుతుంది కాబట్టి మధ్యలో ఖాళీ ఉన్నదానికంటే చిన్నదిగా వస్తుంది.

ఇది మా సాఫ్ట్‌వేర్ ఒక్కదాని సంగతి కాదు. నగరాల త్రీడీ మోడళ్లకి వాడే సిటీజీఎంఎల్ ప్రమాణం, 2012లో వచ్చిన 2.0 వెర్షన్‌లోనే, నేల గీతనీ (గోడలు నేలని తాకే చోటు) కప్పు అంచునీ వేరువేరుగా పెట్టుకునే వీలు ఇచ్చింది. అయినా పైనుంచి తీసిన డేటాతో కట్టే చాలా మోడళ్లలో కప్పు అంచు నుంచి నిలువుగా గోడలు దింపేస్తారు. అలాంటి మోడల్‌లోంచి నేల గీత తీసినా మీ చేతికొచ్చేది చూరే.

గోడ గీత కావాలంటే గోడ కనబడాలి. అందుకని కెమెరాని వాలుగా పెట్టి నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీస్తున్నాం. ఆ ఫొటోల నుంచి కంప్యూటర్ త్రీడీ మోడల్‌ని బోలెడన్ని చుక్కలుగా (పాయింట్లుగా) కడుతుంది, వాటిలోంచి ముందు నేలని వేరు చేస్తాం. ఈ పద్ధతి భలే ఉంటుంది: కంప్యూటర్ మోడల్‌ని తలకిందులు చేసి దానిమీద గుడ్డ పరిచినట్టు లెక్క కడుతుంది, గుడ్డ ఆనిన చోటల్లా నేల. తర్వాత నేలకి ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న పాయింట్లని మాత్రం పల్చగా కోసి పైనుంచి చూస్తే గోడలు గీతల్లా బయటపడతాయి. అరుగు ఎత్తుగా ఉంటే ఇంకాస్త పైన కోయాలి. పాయింట్లన్నిటినీ బయటినుంచి చుట్టేసే తేలిక పద్ధతి ఉంది గానీ, అందులో ఎల్ ఆకారపు ఇంటి మూల పూడిపోతుంది. మూలలన్నిటినీ 90 డిగ్రీలకి సరిచేసే బటన్ కూడా ఉంది. పాత ఇళ్లకి దాన్ని మేం నొక్కం. తాతల నాటి గోడ వంకరగా ఉంటే వంకరగానే గీస్తాం.

అసలు తలనొప్పి కొబ్బరిచెట్లు. మట్టలు గాలికి ఊగుతుంటే ఒక ఫొటోలో ఉన్న ఆకు రెండో ఫొటోలో అక్కడ ఉండదు. మోడల్‌లో ఆ చోట మిగిలేది ఆకారం లేని ముద్ద. లేజర్‌తో దూరం కొలిచే లైడార్ పరికరం కిరణాలైతే కొన్ని ఆకుల సందుల్లోంచి కప్పు దాకా దిగుతాయి. ఆ పరికరం మా దగ్గర లేదు, ఇప్పట్లో కొనే స్తోమతా లేదు. కాబట్టి చెట్టు కింద పడిన మూలల్ని మనిషే టేపుతో కొలుస్తాడు. అదీ కుదరని చోట చుక్కల గీత పెడతాం. అది మా అంచనా, కొలత కాదు. రొయ్యల చెరువు గట్ల మీది షెడ్లకి ఇంకో చిక్కుంది: నీళ్ల మీద ఫొటోలు సరిగా కలవవు, నేల మట్టం తప్పుతుంది. అక్కడ గట్టు మట్టం విడిగా తీస్తాం.

సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లకి చూరు గీత చాలు, పాత రేటే. ఎస్టిమేట్లకీ పంపకాలకీ గోడ గీత తీసుకోండి. దానికి రేటు పెరుగుతుంది, టైమూ ఎక్కువ పడుతుంది. ఎంతన్నది తోట ఎంత దట్టంగా ఉందో చూశాకే చెప్పగలం. రెండు గీతలూ ఒకే డీఎక్స్ఎఫ్ ఫైల్లో (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే ఫైలు) వేరే లేయర్లుగా వస్తాయి. స్థలం హద్దుల తగాదాలకి మాత్రం మా ఫైలు పట్టుకెళ్లకండి. గోడ ఎక్కడుందో మేం చెబుతాం, హద్దు ఎక్కడుందో తేల్చాల్సింది రికార్డులూ సర్వేయరూ.

పాత ఆర్డర్లలో వాలు ఫొటోలు ఉన్నవాటికి గోడ గీత ఊరికే తీసిస్తాం. నిలువు ఫొటోలే ఉంటే డ్రోన్ మళ్లీ ఎగరేయాలి, దానికి డబ్బు తీసుకుంటాం. మీది ఏ రకమో తెలియాలంటే ఊరి పేరు, సర్వే చేయించిన నెల వాట్సాప్‌లో పెట్టండి.