కాన్పు ఫైలు గుండె డాక్టరు దాకా వెళ్లాలి

సంపాదకుల వారికి,

గుండెజబ్బుల మీద మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం బాగుంది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, ఒత్తిడి అన్నీ చెప్పారు. గర్భం ఊసు మాత్రం ఎక్కడా లేదు. ప్రపంచంలో మహిళల మరణాల్లో దాదాపు మూడో వంతుకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. అయినా ఆడవాళ్ల ఆరోగ్యం అనగానే మన చర్చంతా రొమ్ము, గర్భాశయం దగ్గరే ఆగిపోతుంది.

గర్భిణిగా ఉండగా ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి, అంటే 20 వారాలు దాటాక బీపీ పెరిగి చాలామందిలో మూత్రంలో ప్రొటీన్ కూడా పోయేవారికి, తర్వాతి కాలంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మిగతావారి కంటే సుమారు రెట్టింపు. గర్భంలో వచ్చిన షుగర్ కాన్పు కాగానే చాలామందికి తగ్గిపోతుంది. కానీ టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం వాళ్లకు 7 నుంచి 10 రెట్లు ఎక్కువ. ఆ నెలల్లో ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, ఇన్సులిన్ అంత తేలిగ్గా పనిచేయదు. గుండెకూ క్లోమానికీ అదొక పెద్ద పరీక్షే. అందులో ఎవరు తడబడ్డారో ఫైల్లో రాసే ఉంటుంది.

ఆ ఫైలు కాన్పుతోనే మూతపడుతోంది. డిశ్చార్జి కాగితం తీసి చూడండి: బిడ్డ బరువు, కుట్లు, ఐరన్ మాత్రలు, టీకా తేదీ. అడుగున ‘బీపీ నార్మల్, మందులు ఆపవచ్చు’ అని ఒక్క ముక్క. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల లోపు గ్లూకోజు తాగించి పరీక్ష చేయాలని, ఆపైన కూడా 1 నుంచి 3 ఏళ్లకోసారి చూస్తుండాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాత్రంతా నిద్రలేని బాలింత, ఎవరూ గుర్తుచేయకుండా, పరగడుపున ల్యాబ్‌కు వెళ్లి రెండు గంటలు కూర్చుంటుందా? బిడ్డ టీకా తేదీ పక్కనే తల్లి పరీక్ష తేదీ కూడా రాసిస్తే పోయేదేముంది?

ఇక యాభై దాటాక గుండె ఓపీలో నింపే ఫారం. పొగ తాగుతారా, మద్యం అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా అని అడుగుతారు. మగవాళ్లను మనసులో పెట్టుకుని రాసిన ప్రశ్నలివి (ఆడవాళ్లకు అనవసరమని కాదు). కాన్పులప్పుడు బీపీ, షుగర్ వచ్చాయా, నెలసరి 40 ఏళ్లలోపే ఆగిపోయిందా అని ఎవరూ అడగరు. 2018లో అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు ప్రీఎక్లాంప్సియాను, 40 ఏళ్లలోపు మెనోపాజ్‌ను ముప్పు పెంచే అంశాలుగా లెక్కలోకి తీసుకున్నాయి. ఫారాలు ఇంకా అక్కడిదాకా రాలేదు.

ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పి రాదని ఒక మాట ప్రచారంలో ఉంది. అది తప్పు. వాళ్లలోనూ ముందు కనిపించేది ఎక్కువగా ఛాతీ నొప్పే. కాకపోతే దాంతోపాటు ఆయాసం, వికారం, దవడలోనో వెన్నులోనో నొప్పి మగవాళ్లలో కంటే ఎక్కువగా ఉంటాయి. అందుకే గ్యాస్ అనో, ఆందోళన అనో ఇంటికి పంపేస్తుంటారు. పాత కాన్పు సంగతి కళ్లముందుంటే ఏ డాక్టరైనా ఈసీజీ తీయకుండా పంపడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

కాన్పులో బీపీ వచ్చిన ప్రతి ఒక్కరికీ గుండెపోటు వస్తుందని కాదు, చాలామందికి రాదు. ఎవరిని ముందునుంచీ కనిపెట్టి ఉండాలో తెలుస్తుంది, అంతే. గుండె ముప్పును అంచనా వేసుకునే పట్టిక ఈసారి మీ పేజీలో వేసేటప్పుడు ఈ ప్రశ్నలు కూడా చేర్చగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు