మన ఎండల్లో హీటరు

ఒంగోలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ తాసిల్దారూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నీకా హక్కుంది. ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అందరం బాగున్నాం, నాన్న పొగాకు బేళ్లు టంగుటూరు వేలంలో పోయాయి (రేటెంత అని మాత్రం ఆయన్ను అడక్కు), చెల్లి పరీక్షలు రాసేసింది, ఎండలు ఎప్పట్లాగే మండుతున్నాయి. అయిపోయింది. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు.

కారు. అవున్రా, మళ్ళీ కారే. నవ్వకు.

కొంతకాలంగా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) తగ్గిపోతోంది. రిజర్వ్ డబ్బాలో పై గీత దాకా పోస్తే, కొన్నాళ్లకే కింది గీత దాటి దిగిపోయేది. ఎక్కడన్నా కారుతోందా అంటే చుక్క లేదు. రాత్రి కారు కింద అట్టముక్కలు పరిచి పెడితే పొద్దున్నే పొడిగా ఉండేవి. పైపుల క్లిప్పులు బిగుతుగానే ఉన్నాయి. కూలెంట్ కారి ఆరిపోయినా రంగు మరక మిగులుతుంది కదా, రేడియేటర్ మీద గానీ వాటర్ పంపు దగ్గర గానీ అదీ లేదు. ఇక్కడే ఒక మెకానిక్‌కి చూపిస్తే, బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, "హెడ్ గాస్కెట్ పోయింది సార్. బయట కారట్లేదంటే ఇంజినే తాగేస్తోంది. హెడ్ దించాలి" అని ముప్పై వేల దాకా లెక్క చెప్పాడు.

ఆయన అన్నది ఊరికే తీసిపారేసే మాట కాదు. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్‌కీ, పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్యనుండే సీలు. అది పోతే కూలెంట్ సిలిండర్లోకి దిగి సైలెన్సర్లోంచి తెల్లపొగగా పోతుంది, లేదంటే ఆయిల్లో కలిసి దాన్ని పాలకాఫీ రంగుకు తెస్తుంది. కానీ నేను ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూస్తే ఆయిల్ నిక్షేపంగా ఉంది. తెల్లపొగ లేదు. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో బుడగలూ లేవు. ఆయన ఇవేవీ చూడలేదు. చూడకుండా రోగం పేరు చెప్పేవాడికి ముప్పై వేలెందుకియ్యాలి, నువ్వే చెప్పు.

ఇంతలో అమ్మకి మాలకొండ నరసింహస్వామి మొక్కు గుర్తొచ్చింది. అక్కడ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు, ఈ వారం తప్పితే మళ్ళీ వారం దాకా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. అత్తయ్య కూడా వస్తానంది. మోకాళ్ల నొప్పులని ముందు సీట్లో కూర్చుంది.

టంగుటూరు టోల్ దాటక ముందే మొదలెట్టింది. "ఏందిరా అబ్బయ్యా, నా కాళ్ల కింద తడిగా ఉంది." ఏసీ నీళ్లత్తయ్యా, అన్నాం. "తియ్యటి వాసనేంది? ఎవరన్నా పాకం ఒలకబోశారా?" అదీ ఏసీయేనత్తయ్యా, అన్నాం. వెనక సీట్లోంచి అమ్మ కూడా అదే మాట. సింగరాయకొండ దగ్గర మన పాత సంగతొకటి గుర్తొచ్చి నేనొక్కణ్ణే నవ్వుకుంటుంటే, తనను చూసి నవ్వుతున్నాననుకుని అత్తయ్య కందుకూరు దాకా మూతి ముడుచుకుంది.

హైవే మీద ఇంజిన్ వేడి చూపే ముల్లు సగం దగ్గరే నిలబడింది. స్పీడులో వెళ్తుంటే గాలి బాగా తగులుతుంది, ఇంజిన్ మీద బరువూ తక్కువ. కందుకూరు దాటాక రవంత లేచింది. కొండ రోడ్డెక్కేసరికి రెండో గేరు, మిట్టమధ్యాహ్నం ఎండ, ఏసీ, వెనక వరసగా బండ్లు. ముల్లు ఎర్ర గీత వైపు పాకడం మొదలెట్టింది. ఏసీ ఆపా. తగ్గలేదు. ఆపుదామంటే మలుపులో ఉన్నా, పక్కకి తీసే చోటు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంజిన్ వేడెక్కితే హీటర్ ఫుల్‌గా పెట్టమంటారు కదా. హీటర్ నడిచేది ఇంజిన్లో తిరిగిన వేడినీళ్లతోనే కాబట్టి, ఆ వేడి కొంత కారు లోపలికి వచ్చేస్తుంది. మే నెలలో, మన జిల్లా ఎండలో, కారులో హీటర్! అద్దాలు దించమని, నాబు ఎర్రవైపు తిప్పి ఫ్యాన్ ఫుల్ పెట్టా.

బుస్సుమని డ్యాష్‌బోర్డు రంధ్రాల్లోంచి తెల్లటి ఆవిరి లేచిందిరా! ముందు అద్దం లోపలివైపు మసకబారిపోయింది. కారంతా తీపి వాసన. అత్తయ్య "నరసింహా! నరసింహా!" అని రెండు చేతులూ పైకెత్తింది. అమ్మ మాత్రం "ఏసీయేనా ఇది కూడా?" అంది. ఎంత భయంలో ఉన్నా ఆ మాటకి నవ్వొచ్చింది. తల బయట పెట్టి చూసుకుంటూ ఎలాగో పక్కకి చేర్చి ఇంజిన్ ఆపేశా.

చిత్రమేంటంటే, ఆపే ముందు హీటర్లోంచి వేడిగాలి పోయి మామూలు గాలి వచ్చింది, ముల్లేమో టక్కున కిందికి పడింది. చల్లబడిందనుకుంటే కొంప మునిగేది. కూలెంట్ తగ్గిపోయి సెన్సర్‌కి తగలకపోతే అది తప్పుగానే చూపిస్తుంది. హీటర్లోకి వేడినీళ్లు రాకపోవడమూ అందుకే. సరిగ్గా ఆ టైములో ఒక జీపతను సాయానికొచ్చి, గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపా. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపితే మరిగేది 107 డిగ్రీల దగ్గర. మూత బిగించి ఉంటే లోపలి ప్రెషర్ వల్ల 125 దాటినా మరగకుండా ఉంటుంది. వేడి మీద మూత తీశావో, అదంతా ఒక్కసారి మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కాలే ఇంజిన్లో చల్లనీళ్లు పోసినా హెడ్ పగిలే ప్రమాదముంది. అమ్మనీ అత్తయ్యనీ ఆటో ఎక్కించి దర్శనానికి పంపి, నేను చెట్టు కింద కూర్చున్నా.

అక్కడ కూర్చుంటేనే బుర్ర పనిచేసింది. బానెట్ ఎత్తితే ఒక్క పైపూ తడిగా లేదు, ఆవిరీ లేదు. ఆవిరంతా లోపలే వచ్చింది. ముందు అద్దాన్ని వేలితో రాస్తే జిడ్డు. అత్తయ్య కాళ్ల కింద మ్యాట్ ఎత్తి పిండితే నీళ్లు జారుడుగా, లేత ఆకుపచ్చగా. ఏసీ నీళ్లకి రంగెక్కడిది, జిడ్డెక్కడిది, వాసనెక్కడిది? ఇన్నాళ్లూ కూలెంట్ రోడ్డు మీద కాదురా కారింది, కార్పెట్లోకి కారింది! అట్టముక్కలు పొడిగా ఉండక ఏం చేస్తాయి.

ఇంజిన్ బాగా చల్లారాక నిదానంగా నీళ్లు నింపి, ఏసీ లేకుండా, మధ్యలో ఆపి చూసుకుంటూ కందుకూరు చేరాం. అక్కడ ఒక రేడియేటర్ షాపు కుర్రాడు దొరికాడు. నా కథంతా విని, ఏమీ అనకుండా, రేడియేటర్ మూత స్థానంలో మీటరున్న చేతిపంపు బిగించాడు. ఇంజిన్ ఆపి ఉండగానే ఒక బార్ ప్రెషర్ దాకా గాలి కొట్టి వదిలాడు. మీటరు ముల్లు మెల్లగా దిగుతోంది. బానెట్ కింద అంతా పొడే. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని అత్తయ్య సీటు దగ్గర వెల్లకిలా దూరాడు. "అన్నా, ఇట్రా." డ్యాష్‌బోర్డు కింద హీటర్ పెట్టె మూలలో చుక్క. తర్వాత ఇంకో చుక్క. ఆ చుక్కని చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం మన ఇంటర్ రిజల్టప్పుడు కూడా కలగలేదు (నీది కాదులే, నాది).

హీటర్ కోర్ అంటే డ్యాష్‌బోర్డు లోపలుండే బుల్లి రేడియేటర్. నేనడిగా, కొన్నప్పట్నుంచి హీటర్ వాడనే లేదే, అదెలా కారుతుందని. వాడినా వాడకపోయినా మన కారులో నీళ్లు దాన్లో తిరుగుతూనే ఉంటాయట, నాబు తిప్పితే జరిగేది గాలికి అడ్డంగా ఉండే రేకు మాత్రమేనట. నాకంటే ముందున్న ఓనరు బోరు నీళ్లు పోసి ఉంటాడని వాడి అనుమానం. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, ఆ ఉప్పుకి పల్చటి అల్యూమినియం గొట్టాలు ఎంతకాలం ఆగుతాయి?

కోర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. "హీటర్ మనకెందుకన్నా, బైపాస్ కొడదాం" అన్నాడు. ఇంజిన్ వైపు నుంచి హీటర్‌కి వెళ్లే రెండు పైపులూ పీకి, మధ్యలో చిన్న లోహపు గొట్టం పెట్టి కలిపి, క్లిప్పులు బిగించాడు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోసి, గాలి బయటికి పోయేదాకా నడిపి, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం, ఆగడం రెండుసార్లు చూశాకే మూత పెట్టాడు. ముప్పై వేలు ఎక్కడ, వాడు తీసుకున్న వెయ్యి చిల్లర ఎక్కడ! మ్యాట్ కడిగిన నీళ్లు కూడా వీధిలో పొయ్యనివ్వలేదు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం అన్నాడు. కుర్రాడు నాకు బాగా నచ్చాడు.

అత్తయ్య ఇప్పుడు వీధిలో ఎవరి కారాగినా వెళ్లి మ్యాట్ వాసన చూస్తోంది. నిజం!

నీ కారులోనూ నీళ్లు తగ్గుతున్నాయని, మీ మెకానిక్ కూడా గాస్కెట్టే అన్నాడని రాశావు చూడు. హెడ్ మీద చెయ్యి వెయ్యనివ్వకముందు ఆ ప్రెషర్ పంపు పెట్టించు. ఆయిల్ రంగు చూడు. ఎడమ సీటు కింద చెయ్యి పెట్టి చూడు, తడి తగిలితే రంగూ జిడ్డూ ఉన్నాయేమో చూసుకో. మీ ఊళ్లో చలి ఉంటుంది కాబట్టి బైపాస్ నీకు పనికిరాదు, కోర్ మార్పించాల్సిందే. ఇంకో సంగతి, ఆ మొదటి మెకానిక్ నిన్న ఫోన్ చేసి

ఒరేయ్, మా తమ్ముడు రైలుకి బయల్దేరుతున్నాడు, ఆవకాయ జాడీతో పాటు ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా. ఇప్పటికే గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. ఆ ఫోన్ సంగతి మళ్ళీ రాస్తా. జాడీ మూత వదులుగా ఉంది, నిటారుగా

నీ
గుమాస్తా