మల్చింగ్ షీటు ముక్కలు, కోళ్ల ఎరువు: నేలను పరీక్షించేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మొక్కల చుట్టూ నేలపై పరిచే పాలిథీన్ ప్లాస్టిక్ మల్చింగ్ షీట్లతో కలుపు తగ్గి నీరు ఆదా అవుతోందని గత వారం మీ పత్రికలో వచ్చిన వార్తలోని లాభాలన్నీ నిజమే. అయితే పంట తీశాక ఆ షీటు ఏమవుతుందో విలేకరీ అడగలేదు, అధికారులూ చెప్పలేదు. మా మిర్చి, పుచ్చ చేలల్లో 25, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం షీటు ఎండకు పెళుసుబారి, చేత్తో లాగితే పీలికలుగా తెగి వస్తుంది. ఏరినంత ఏరి, మిగిలినదాన్ని రోటవేటర్‌తో మట్టిలో కలిపేస్తున్నారు. ఆపైన అదే చేలో లారీల కొద్దీ కోళ్ల ఎరువు తోలుతున్నారు. కోళ్లకు వాడిన టెట్రాసైక్లిన్ వంటి యాంటీబయాటిక్స్‌లో కొంత భాగం రెట్టతో పాటు నేలకు చేరుతుంది.

ఈ రెండూ కలిసినప్పుడే అసలు చిక్కు. బంకమట్టి, సేంద్రియ పదార్థం టెట్రాసైక్లిన్‌ను గట్టిగా పట్టి ఉంచుతాయి. కొత్త పాలిథీన్‌కు ఆ గుణం తక్కువ కనుక, దాని రేణువులు ఎక్కువగా కలిసిన మట్టిలో పట్టు సడలి, ఆ యాంటీబయాటిక్ మందు నీటితో పాటు కిందికి దిగే అవకాశం పెరుగుతుంది. ఎండకు పగిలి, ఆక్సీకరణం చెందిన పాత ముక్క మాత్రం మందును తనకే ఎక్కువగా అంటించుకుంటుంది. దానిమీద జిగురు పొరలా పెరిగే బాక్టీరియా, మందుకు లొంగకుండా చేసే జన్యువులను ఒకదాని నుంచి ఒకటి అందుకోగలవు. ఏ చేలో ఏది జరుగుతుందన్నది మట్టి స్వభావాన్ని, ప్లాస్టిక్ రకాన్ని బట్టి ఉంటుంది కనుక పరీక్ష చేయక తప్పదు.

ఆ పరీక్ష ఎక్కడ? 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో చూసే 12 అంశాలలో ప్లాస్టిక్ లేదు, మందు అవశేషమూ లేదు. కూరగాయల ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గరాదని 2022 చివరి నుంచి నిబంధన ఉండగా, అందులో నాలుగో వంతుకు మించని మందం ఉన్న షీటును నేలలో పరచడానికి ప్రభుత్వమే రాయితీ ఇస్తోంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లోనే బయటపడినా, మందుల కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో ఇచ్చిన ముసాయిదా, 2021లో తుది నిబంధనలుగా వచ్చేసరికి ఆ పరిమితులనే వదిలేసింది. ఇంత ఉదాసీనత క్షమించరానిది.

షీటుకు రాయితీ ఇచ్చే ఉద్యాన శాఖే పాత షీటును వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలి. కోళ్ల ఎరువును కుప్ప పోసి బాగా మాగనిచ్చాకే చేలో వేసేలా పశుసంవర్ధక శాఖ చూడాలి. మాగితే టెట్రాసైక్లిన్ చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. వచ్చే ఖరీఫ్‌కు ముందే, ఈ రెండూ వాడుతున్న మండలాల్లో మట్టి, బోరు నీటి నమూనాలు తీసి ఫలితాలను రైతుల ముందు పెట్టాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి, ఖమ్మం జిల్లా